కార్మన్ గియా ఇంజిన్ చుట్టూ ఉండే రబ్బరు సీల్ మార్చడం ఎలా?

పాత ఎయిర్‌కూల్డ్ కారు కొన్నవాళ్ళు ఎండాకాలం రాగానే నన్ను అడిగేది ఒకటే: "ఇంజిన్ బాగా వేడెక్కుతోంది, పెద్ద ఆయిల్ కూలర్ వేయించమంటారా?" నా జవాబూ ఎప్పుడూ ఒకటే. మొదట కారు వెనక ఉన్న ఇంజిన్ మూత ఎత్తి, ఇంజిన్ రేకుకీ బాడీకీ మధ్య చుట్టూ తిరిగే నల్ల రబ్బరు సీల్ ఎలా ఉందో చూడండి. చాలా కార్లలో అది ఎండి రాయిలా అయిపోయి ఉంటుంది. కొన్నిటిలో సగం ఊడి వేలాడుతుంటుంది. ఇంకొన్నిటిలో ఎప్పుడో ఇంజిన్ దించినప్పుడు తీసి పారేసి, మళ్ళీ వేయనే వేయరు. ఆ రబ్బరు లేకుండా ఎంత పెద్ద కూలర్ పెట్టినా డబ్బు దండగ.

ఇక్కడ చెబుతున్నది కార్మన్ గియా టైప్ 14 గురించి. 1955 నుంచి 1974 వరకు జర్మనీలోని ఓస్నాబ్రూక్‌లో తయారైన ఫోక్స్‌వ్యాగన్ ఇది. రూపం ఇటలీ స్పోర్ట్స్ కారుది, కింద ఇంజిన్, చాసిస్ బీటిల్‌వి. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళలో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ గరాజుల్లో ఈ కారు కనిపిస్తూనే ఉంటుంది, అందుకే దీన్ని ఎంచుకున్నాను. పోర్షె 356, 911, 914లలో కూడా సూత్రం ఇదే, కానీ సీల్ ఆకారమూ కూర్చునే తీరూ వేరు. ఆ కార్లున్నవాళ్ళు ఇక్కడి కొలతలు, క్రమం యథాతథంగా పాటించకండి. పాత సీల్ ఎటు తిరిగి ఉందో ఫొటో తీసుకున్నాకే ఊడదీయండి.

ఈ రబ్బరు చేసే పని

ఈ ఇంజిన్‌కి రేడియేటర్ లేదు. డైనమో షాఫ్ట్ చివర ఉన్న ఫ్యాన్ ఇంజిన్ గదిలోని గాలిని పీల్చి సిలిండర్ల మీదికి తోస్తుంది. 1600 సీసీ ఇంజిన్‌లో 4000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 500 లీటర్లకు పైగా గాలి వెళుతుంది. సిలిండర్లను చల్లబరిచి వేడెక్కిన ఆ గాలి కారు కిందికి పోవాలి. పైన చల్లగాలి, కింద వేడిగాలి. రెండిటికీ మధ్య గోడగా ఉన్నవి ఇంజిన్ చుట్టూ ఉన్న రేకులు, వాటి అంచుని బాడీతో కలిపే ఈ సీల్. ఫ్యాన్ నిరంతరం పీల్చడం వల్ల పైగదిలో గాలి ఒత్తిడి కాస్త తక్కువగా ఉంటుంది. సీల్‌లో ఎక్కడ సందు ఉన్నా కింది వేడిగాలి అక్కడి నుంచి పైకి ఎక్కుతుంది, ఫ్యాన్ మళ్ళీ దాన్నే పీలుస్తుంది.

ఇంకో విషయం. 1963 తర్వాతి కార్లలో క్యాబిన్ హీటర్‌కి వెళ్ళేది కూడా ఈ ఫ్యాన్ గాలే. సైలెన్సర్ జాయింట్ లీకై, సీల్ కూడా లేకపోతే, ఆ పొగ పైగదిలోకి చేరి అక్కడి నుంచి మీరు కూర్చునే చోటికి వస్తుంది. చలి ప్రాంతాల్లో కారు నడిపేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

సీల్ కొనేటప్పుడు

బీటిల్‌ది కాకుండా, "కార్మన్ గియా" అని ప్రత్యేకంగా రాసి ఉన్న సెట్‌నే కొనండి. మీ కారు సంవత్సరం చెప్పి అడగండి. కొన్ని సెట్లు ముందు ముక్క, వెనక ముక్క అని విడిగా వస్తాయి. ఒకటే కొంటే సగం పనే అవుతుంది.

సీల్‌ని అడ్డంగా కోసి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి: ఒక పక్క లావుగా ఉండే మొదలు, రెండో పక్క ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలు. మొదలు బాడీకున్న ఇనుప గాడిలో దూరుతుంది. రెండు రెక్కల మధ్య ఇంజిన్ రేకు అంచు కూర్చుంటుంది. పార్శిల్ రాగానే పాత ముక్కని కొంచెం కోసి కొత్తదాని పక్కన పెట్టి పోల్చండి. మొదలు మరీ సన్నగా ఉంటే గాడిలోంచి జారిపోతుంది, మరీ లావుగా ఉంటే ఎక్కనే ఎక్కదు. రెక్కని వేళ్ళతో పూర్తిగా మడిచి వదిలితే వెంటనే యథాస్థితికి రావాలి. మడత దగ్గర తెల్లని గీత పడినా, చిన్న పగులు కనిపించినా తిప్పి పంపేయండి.

ఖర్చు తగ్గుతుందని కారు డోర్ బీడింగో, పైపులకి చుట్టే ఫోమో వాడేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. స్పాంజి రకం బీడింగ్ ఆయిల్‌ని పీల్చుకుని ఉబ్బుతుంది. ఫోమ్ వేడికి కరుగుతుంది, పెట్రోలుతో తడిస్తే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

కావలసినవి

- గియా ఇంజిన్ సీల్ పూర్తి సెట్
- ప్లగ్ క్యాపుల రబ్బరు రింగులు నాలుగు, ముందు రేకులో పెట్రోల్ పైపు దూరే చోటి రబ్బరు గ్రోమెట్
- 5 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పెట్రోల్ హోస్, క్లాంపులు
- గట్టి ఫ్లోర్ జాక్, దాని మీద వేయడానికి చెక్క పలక, బరువు మోసే స్టాండ్లు రెండు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్క దుంగలు
- 17, 13, 10 మి.మీ. పానాలు, సాకెట్లు, లావు మొన స్క్రూడ్రైవర్, టార్క్ రెంచ్
- వైర్ బ్రష్, ఎమరీ పేపర్, తుప్పు ఆపే ప్రైమర్, నల్ల పెయింటు
- పాత్రలు కడిగే సబ్బునీళ్ళు ఒక స్ప్రే సీసాలో, లేదా సిలికాన్ స్ప్రే
- మొన లేని ప్లాస్టిక్ లేదా చెక్క పుల్ల (చెంచా కాడ కూడా పనికొస్తుంది)
- చిన్న అద్దం, టార్చి, తీగ చివర ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్
- మంటలార్పే సిలిండర్, చేతికి అందేంత దూరంలో

సాయానికి ఒక మనిషి తప్పనిసరి. ఇంజిన్ వంద కిలోల పైనే ఉంటుంది, ఒంటరిగా దించే సాహసం చేయకండి. గాడి బాగుంటే ఇద్దరికి ఒక రోజు పని, సీల్‌ని ఆ రాత్రి వదిలేసి మర్నాడు ముగించాలి. తుప్పు ఉంటే పెయింట్ ఆరడానికి ఇంకో రోజు పడుతుంది.

ఇంజిన్ దించకుండా కుదరదా?

ఇది కూడా అందరూ అడిగేదే. వెనక ముక్క కుదురుతుంది: పుల్లీ వెనక ఉన్న రేకు స్క్రూలు తీస్తే చెయ్యి పడుతుంది. పక్కల ముక్కలు ఓపిక ఉంటే కొంతవరకు ఎక్కించవచ్చు. ముందువైపు, అంటే ఫ్యాన్ హౌసింగ్‌కీ (ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు డబ్బా) ఫైర్‌వాల్‌కీ (ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఇనుప గోడ) మధ్య ఉన్న భాగం మాత్రం ఇంజిన్ ఉండగా సరిగ్గా రాదు. అక్కడ చెయ్యి దూరదు, గాడి శుభ్రం చేయడం కుదరదు. ఎలాగో తోసినా రెక్కలు ఎటు మడుచుకున్నాయో కనిపించదు. పైగా సందుంటే ఎక్కువ నష్టం అక్కడే, ఎందుకంటే ఫ్యాన్ గాలి పీల్చే నోరు ఆ ఫైర్‌వాల్ వైపే తిరిగి ఉంటుంది. క్లచ్ పనో, ఆయిల్ సీల్ పనో దగ్గర్లో ఉంటే అప్పటిదాకా ఆగి రెండూ కలిపి చేసుకోవడం మంచిది. ఈలోగా వెనక ముక్క మార్చుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక కొలత

ఇది వదిలేస్తే చివర్లో పని ఫలించిందో లేదో మీకే తెలియదు. థర్మామీటర్ ప్రోబ్‌ని ఫ్యాన్ పీల్చే నోటి దగ్గర, ఇనుముకి తగలకుండా కట్టండి. తీగ బెల్టుకీ ఫ్యాన్‌కీ అందకుండా గట్టిగా బిగించండి. అరగంట హైవే మీద ఒకే వేగంతో నడిపి అంకె చూడండి. అదే సమయంలో బయటి నీడలో ఉష్ణోగ్రత ఎంతో రాసుకోండి. ఈ రెండిటి మధ్య తేడాయే మీకు కావలసిన అంకె. పని అయ్యాక అదే రోడ్డు మీద, అదే వేగంతో మళ్ళీ చూడాలి. డిప్‌స్టిక్‌కి బదులు పెట్టే ఆయిల్ థర్మామీటర్ ఉంటే దాని అంకె కూడా రాసుకోండి.

పని క్రమం

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. గియాలో బ్యాటరీ ఇంజిన్ గదిలోనే కుడిపక్కన ఉంటుంది. బ్యాటరీని తీసి పక్కన పెట్టేయండి, దాని కింద చూడాల్సిన పని తర్వాత ఉంది.

2. చుట్టూ ఫొటోలు తీయండి. డైనమో, కాయిల్, ఆయిల్ ప్రెజర్ స్విచ్, చోక్ వైర్లకు ఒక్కొక్కదానికీ మాస్కింగ్ టేపు కట్టి పేరు రాసి ఊడదీయండి. కార్బురేటర్ దగ్గర యాక్సిలరేటర్ కేబుల్ వదులు చేయండి. దాన్ని పట్టి ఉంచే చిన్న గుండ్రటి పిన్ను జారిపడితే మళ్ళీ దొరకదు, వెంటనే డబ్బాలో వేసుకోండి.

3. వెనక రేకు స్క్రూలు తీసి రేకు బయటికి తీయండి. ఫ్యాన్ హౌసింగ్ నుంచి కిందికి దిగే రెండు గాలి గొట్టాలు దాని గుండా పోతాయి, ముందు వాటిని ఊడదీయాలి. స్క్రూలు ఏ రంధ్రానివో ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చి పెట్టుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు.

4. కారు వెనక భాగం ఎత్తి, టార్షన్ బార్ గొట్టం (వెనక చక్రాలకి ముందు అడ్డంగా ఉండే, సస్పెన్షన్ కడ్డీలున్న లావు గొట్టం) రెండు చివర్ల కింద స్టాండ్లు పెట్టండి. ముందు చక్రాలకి దుంగలు అడ్డం పెట్టండి. ఫ్యాన్ హౌసింగ్ పైభాగం వెనక బాడీ కింద నుంచి బయటికి రాగలిగేంత ఎత్తు ఉండాలి. టేపుతో కొలిచి చూసుకోండి. ఎత్తు చాలకపోతే కార్బురేటర్ తీసేస్తే కొంత కలిసొస్తుంది. ఎత్తాక కారుని పక్కకి ఊపి చూడండి. కదిలితే కిందికి దూరకండి.

5. కింద నుంచి హీటర్ కేబుళ్ళు రెండూ, లావు హీటర్ గొట్టాలు రెండూ విడదీయండి. తర్వాత పెట్రోల్ హోస్. ట్యాంకు ముందువైపు, ఈ గొట్టం కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి హోస్ లాగగానే పెట్రోలు ధారగా కారుతుంది. ముందే క్లాంపుతో నొక్కి పట్టండి, లాగిన వెంటనే చివర ఒక బోల్టు దూర్చి మూసేయండి. ఈ పని అయ్యేదాకా దగ్గర్లో దీపం, హీటర్, సిగరెట్ ఏదీ ఉండకూడదు.

6. ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపి ఉంచేవి నాలుగు, పైన రెండు, కింద రెండు, అన్నీ 17 మి.మీ. పానావే. పైవి ముందు తీయండి. ఫ్యాన్ హౌసింగ్ వెనక చెయ్యి పెట్టి తడిమి పట్టుకోవాలి. తర్వాత జాక్‌ని ఇంజిన్ నడుమ కిందికి తెచ్చి, మధ్యలో చెక్క పలక వేసి బరువు అందుకోండి. ఆయిల్ జల్లెడ ఉన్న గుండ్రటి పల్చటి ప్లేటు మీదే బరువంతా పడితే అది వంగుతుంది. అందుకే పలక వెడల్పుగా ఉండాలి. అప్పుడు కింది నట్లు తీయండి.

7. ఇంజిన్‌ని తిన్నగా వెనక్కి జరపండి. గేర్‌బాక్స్ షాఫ్ట్ క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా బయటపడేదాకా జాక్ దించకండి. సగంలో దించితే ఇంజిన్ బరువు షాఫ్ట్ మీద వేలాడి క్లచ్ ప్లేటు వంగుతుంది. ఒకరు జాక్ దగ్గర, ఒకరు ఇంజిన్ ఒరగకుండా పట్టుకుని నెమ్మదిగా దించండి.

8. ఇక అసలు పని. పాత సీల్‌ని గాడిలోంచి లాగేయండి. గట్టిపడినది ముక్కలుగా విరుగుతూ వస్తుంది. స్క్రూడ్రైవర్‌తో గాడి పొడవునా గీకి ప్రతి ముక్కా తీయాలి. గోరంత పాత రబ్బరు మిగిలినా కొత్తది సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. తర్వాత వైర్ బ్రష్.

కుడిపక్క బ్యాటరీ కింద గాడిని ప్రత్యేకంగా చూడండి. ఏళ్ళ తరబడి యాసిడ్ కారి ఆ ప్రాంతం తుప్పు తినేసి ఉండే అవకాశం ఎక్కువ. వంటసోడా కలిపిన నీళ్ళు పోస్తే నురగ వస్తుంది. నురగ ఆగేదాకా పోసి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. తుప్పు గీకి, ప్రైమర్, పెయింటు వేసి పూర్తిగా ఆరనివ్వండి. పచ్చి పెయింటు మీద రబ్బరు ఎక్కిస్తే రెండూ అంటుకుపోయి మధ్యలో ఇరుక్కుంటుంది.

గాడి పెదాలు లోపలికి నొక్కుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో మెల్లగా విప్పండి, బయటికి విరిసి ఉంటే ప్లయర్‌తో నొక్కండి. సీల్ నుంచి కోసిన చిన్న ముక్కని గాడిలో పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా జరిపి చూడండి. ఆ ముక్క ఎక్కడా ఆగకుండా వెళ్ళితేనే అసలు సీల్ వెళుతుంది. గాడి కొంత మేర పూర్తిగా పోయి ఉంటే వెల్డింగ్ చేయించడమే దారి. జిగురుతో అంటిస్తే వేడికి కొన్నాళ్ళకే ఊడుతుంది.

9. ఇంజిన్ బయట ఉండగానే ఫైర్‌వాల్‌కి అతికించిన ఇన్సులేషన్ అట్టని కూడా తడిమి చూడండి. చిరిగి వేలాడుతుంటే ఫ్యాన్ దాన్ని నోట్లోకి లాక్కుంటుంది. ముందు రేకులో పెట్రోల్ పైపు గ్రోమెట్ మార్చండి. ఆ రబ్బరు పోయాక రేకు అంచు పైపుని కోస్తూ ఉంటుంది, ఈ కార్లు తగలబడటానికి ఉన్న కారణాల్లో అది ఒకటి. హోస్ కూడా ఎలాగూ ఊడదీశారు కాబట్టి కొత్తది వేసేయండి.

10. కొత్త సీల్‌ని ఎండలో కాసేపు పరచండి, లేదా వేడినీళ్ళలో ముంచి తీయండి. రబ్బరు మెత్తబడుతుంది. గాడిలోనూ సీల్ మొదలుకీ సబ్బునీళ్ళు బాగా కొట్టండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్, పెట్రోలు అసలు వాడకండి, రబ్బరు ఉబ్బి మెత్తబడి రెక్కల బిగువు పోతుంది.

ఒక చివర నుంచి మొదలుపెట్టండి. రెక్కలు ఇంజిన్ వైపు, మొదలు గాడిలోకి. ఒకరు వెనక నుంచి తోస్తూ ఉంటే, ఇంకొకరు ముందు నుంచి మెల్లగా అందుకోవాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు, రాకపోతే గట్టిగా లాగడం. లాగినప్పుడు రబ్బరు సాగి గాడి నిండినట్టే కనిపిస్తుంది. వేడికి నాలుగు రోజుల్లో అది తన అసలు పొడవుకి ముడుచుకుంటుంది, చివర్లో వేలెడు సందు తేలుతుంది. అందుకే లాగడం తక్కువ, తోయడం ఎక్కువ. ఎక్కడైనా ఆగితే వెనక్కి తీసి సబ్బునీళ్ళు కొట్టి మళ్ళీ పంపండి.

మూలల దగ్గర రెక్కలు ముడతలు పడతాయి. వేళ్ళతో సర్ది, అక్కడ కొంచెం వదులుగా ఉండేలా తోయండి. కొందరు మూలలో రెక్కని కత్తెరతో గాటు పెడతారు, ఆ గాటే తర్వాత చిరుగుగా పెరుగుతుంది. చివర్లో 10-15 మి.మీ. ఎక్కువ ఉంచండి, ఇప్పుడే కోసేయకండి. ఒక రాత్రి అలా వదిలేసి, పొద్దున చూసుకుని కత్తిరించండి.

11. ఇంజిన్ వైపు రేకులు చూసుకోండి. సీల్ ఎంత మంచిదైనా రేకు అంచు వంకరగా ఉంటే సందు తప్పదు. అంచులని చెక్క ముక్క ఆనించి సుత్తితో తిన్నగా చేయండి, పదునుగా ఉన్న చోట ఎమరీ పేపర్‌తో రుద్దండి. ఖాళీగా ఉన్న ప్రతి స్క్రూ రంధ్రానికీ స్క్రూ వేయండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ని (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు వెళ్ళే గొట్టం) వేడిచేసే గొట్టం రేకులోంచి దూరే రెండు చోట్లా చిన్న మూత ప్లేట్లు ఉండాలి, చాలా కార్లలో ఉండవు. ప్లగ్ క్యాపుల రబ్బరు రింగులు నాలుగూ కొత్తవి వేయండి. ఈ రింగులు లేకపోతే జరిగే నష్టం వేరే రకం: ఫ్యాన్ తోసిన చల్లగాలి సిలిండర్ల దాకా చేరకముందే పైకి చిమ్మి వృథా అవుతుంది. మూడో సిలిండర్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1971కి ముందు ఇంజిన్లలో ఆయిల్ కూలర్ దాని గాలి దారిలోనే నిలబడి ఉంటుంది, అసలే దానికి అందే గాలి వేడిది.

12. ఇప్పుడు ఇంజిన్ పైకి. సీల్ రెక్కలకి మళ్ళీ సబ్బునీళ్ళు కొట్టండి. ఒకరు జాక్ ఎత్తుతూ ఉంటే మరొకరు చుట్టూ తిరిగి రేకు అంచు ఎక్కడ తగులుతోందో చూడాలి. ఇంజిన్ కింద నుంచి వస్తుంది కాబట్టి రేకు రెండు రెక్కలనీ కలిపి పైకి నెట్టేయడం సహజం. అలా వదిలేస్తే రెండు రెక్కలూ రేకు మీదే పడుకుంటాయి. పై నుంచి చూస్తే నల్లగా, నిండుగా, ఎంతో బాగున్నట్టే కనిపిస్తుంది, కింద మాత్రం పట్టు ఉండదు. మొన లేని పుల్లతో కింది రెక్కని రేకు కిందికి దించుతూ రావాలి. ముందువైపు నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే ఇంజిన్ పూర్తిగా ముందుకు వెళ్ళాక అక్కడికి చెయ్యి అందదు. షాఫ్ట్ క్లచ్‌లో దూరి, ఇంకా కొంచెం ముందుకు జరగాల్సి ఉండగానే ఒకసారి ఆగి, అద్దం పెట్టి ముందు భాగం అంతా చూడండి.

స్క్రూడ్రైవర్ మొనతో రెక్కని గుచ్చి లాగకండి. పెట్టిన ప్రతి గాటూ ఒక లీకే.

13. నాలుగు నట్లనీ వేళ్ళతో ఎక్కించి, ఇంజిన్ గేర్‌బాక్స్‌కి చుట్టూ సమంగా ఆనిందని చూశాకే 30 న్యూటన్ మీటర్లకు బిగించండి. సందు ఉండగా నట్లతో లాగి దగ్గరికి తేవాలని చూస్తే గేర్‌బాక్స్ కేసింగ్ పగలొచ్చు.

14. తీసినవన్నీ తిరగేసిన క్రమంలో బిగించండి. వెనక రేకు పెట్టేటప్పుడు దాని అంచు కూడా వెనక సీల్ రెక్కల మధ్యకే పోవాలి. గాలి గొట్టాలు రేకులోంచి దూరే చోట రబ్బరు రింగులు మర్చిపోకండి. పెట్రోల్ హోస్ క్లాంపు బిగించాక ఇంజిన్ నడిపి, ఐదు నిమిషాలు ప్రతి జాయింటూ చూసి, ఇంజిన్ ఆపాక వేలితో తుడిచి వాసన చూడండి.

సరిగ్గా కూర్చుందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి పరీక్ష వెలుతురుతో. రాత్రిపూట, కారు స్టాండ్ల మీద ఉండగానే, ఇంజిన్ ఆపి ఉంచి, కింద నుంచి టార్చి వేయమని ఒకరికి చెప్పండి. మీరు పై నుంచి చూడండి. గీతలా వెలుతురు కనిపించిన చోటల్లా గాలి కూడా వస్తుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, పుల్లతో సర్ది మళ్ళీ చూడండి.

రెండోది కాగితంతో. టిష్యూ కాగితాన్ని వేలెడు పొడవున సన్నటి పోగులుగా చింపి, ఒక్కొక్కదాని ఒక చివరని సీల్ పక్కనే బాడీకి టేపుతో అంటించండి. బెల్టుకీ పుల్లీకీ దూరంగా ఉండేలా చూసుకోండి. అన్నీ అంటించాకే ఇంజిన్ స్టార్ట్ చేసి, ఎవరినైనా యాక్సిలరేటర్ కొంచెం తొక్కమనండి. సందు ఉన్న చోట పోగు పైకి లేచి ఊగుతుంది. నడుస్తున్న ఇంజిన్ గదిలోకి చెయ్యి పెట్టకండి. చున్నీ, వదులు చొక్కా, మెడలో గొలుసు ఉంటే దగ్గరికే రావద్దు. పొగతో చూద్దామని అగరుబత్తి వెలిగించేవాళ్ళుంటారు. కార్బురేటర్ పక్కన నిప్పు అది. చేయకండి.

మూడోది మీరు ముందే రాసిపెట్టుకున్న అంకె. అదే రోడ్డు, అదే వేగం, అరగంట. ఫ్యాన్ నోటి దగ్గరి వేడికీ బయటి వేడికీ మధ్య తేడా పాతదానికంటే స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోతే ఎక్కడో పెద్ద సందు మిగిలే ఉంది, చాలాసార్లు అది ముందువైపే. హైదరాబాద్ మే నెల ఎండలోనో అరిజోనా జూలైలోనో బయటి గాలే 42 డిగ్రీలుంటే ఫ్యాన్‌కి అందే గాలి అంతకంటే చల్లగా ఉండదు. కాబట్టి అంకెని కాదు, తేడాని చూడండి. ఆయిల్ వేడి 110 డిగ్రీల లోపు నిలకడగా ఉంటే బెంగ లేదు. 120 దాటుతుంటే మాత్రం కారు ఆపి మిగతా కారణాలు వెతకాలి: ఇగ్నిషన్ టైమింగ్, కార్బురేటర్ మిశ్రమం, ఫ్యాన్ బెల్టు బిగువు, మూసుకుపోయిన ఆయిల్ కూలర్, థర్మోస్టాట్ తలుపులు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే అదనపు కూలర్ మాట.

ఎక్కువగా వచ్చే ప్రశ్నలు

*సీల్ బదులు సిలికాన్ సీలెంట్ పూస్తే?* ఇంజిన్ గేర్‌బాక్స్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతూ ఉంటుంది, బాడీ ఊగదు. ఆ కదలికకి సీలెంట్ చిరుగుతుంది. తర్వాత ఎప్పుడైనా ఇంజిన్ దించాలంటే ముందు దాన్ని కోసుకుంటూ కూర్చోవాలి. సీల్ రెండు ముక్కలు కలిసే చోట చిన్న చుక్క పెట్టడం వరకు పరవాలేదు.

*ఇంజిన్ మూత కొంచెం తెరిచి కట్టి నడిపితే సరిపోదా?* చూడటానికి గాలి ఎక్కువ వస్తున్నట్టుంటుంది కానీ కింది నుంచి ఎక్కే వేడిగాలిని అది ఆపదు. సీల్ సరిచేశాక ఆ అవసరం రాదు.

*రెక్కలు ఒక చోట రేకుకి అందడం లేదు.* రేకు వంగి ఉండాలి, లేదా ఇంజిన్ ఒక పక్కకి కూర్చుని ఉండాలి. గేర్‌బాక్స్ మౌంట్ రబ్బర్లు కుంగిపోతే ఇంజిన్ మొత్తం కిందికి దిగుతుంది, అప్పుడు ఒక పక్క బిగుతుగా, ఇంకో పక్క ఖాళీగా కనిపిస్తుంది. సీల్‌ని తిట్టే ముందు మౌంట్లు చూడండి.

*పాత సీల్ మెత్తగానే ఉంది, మళ్ళీ వాడొచ్చా?* రెక్కలు మడిచి వదిలితే వెనక్కి వస్తుంటే, ఎక్కడా చిరగకపోతే వాడొచ్చు. కానీ గాడిలోంచి తీసేటప్పుడే చాలావరకు సాగిపోతుంది. ఇంజిన్ ఎలాగూ కింద ఉన్నప్పుడు కొత్తది వేయడమే నయం.

బిగించాక ఓ 300 కిలోమీటర్లు తిరిగిన తర్వాత, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చివరలు ముడుచుకున్నాయేమో, వెనక రేకు స్క్రూలు వదులయ్యాయేమో ఒకసారి చూడండి. ఆ తర్వాత ఆయిల్ మార్చిన ప్రతిసారీ టార్చి పట్టుకుని సీల్ చుట్టూ ఒకసారి తడిమితే చాలు. ఆయిల్ కారి తడిసి ఉంటే సబ్బునీళ్ళతో తుడిచి ఆరనివ్వండి, పెట్రోలు గుడ్డతో మాత్రం తుడవకండి.